పాతర నోరు

మిషను బడి కిటికీలకి గోనెపట్టాలు కట్టించి, పట్టపగలే చీకటి చేసి, సైన్సు బండాయన బొమ్మ వేశాడు.

గుంటూరు నుంచి ఊరూరూ తిరిగే మనిషి. ఒక ప్రొజెక్టరు, ఒక జనరేటరు, నవ్వని మొహం. పేరెవరూ అడగలేదు. చంద్రమండలం చూపిస్తాడని ఊరంతా ఎగబడి వస్తే, ఆయన గాలి గురించి మొదలుపెట్టాడు.

తెర మీద ఒక లాంతరు, నేలలో గొయ్యి తవ్వి ధాన్యం దాచే పాతరలోకి దిగింది. కాస్త దూరం వెలిగి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"మూసిన పాతరలో గింజ కూడా ఊపిరి పీలుస్తుందండీ. మంచి గాలి అయిపోతుంది. దీపం ఆరిన చోట మనిషీ ఉండడు."

"మేం కోడిని వేసి చూస్తాంలెండి," అన్నాడు బాపయ్య. ఆ ఊళ్ళో ఇంకా జొన్నలు పాతరలో పోసే రైతు ఆయనొక్కడే. "కోడి అరుపు ఆగిందంటే పాతరమ్మ తీసుకున్నట్టు. అప్పుడు మనిషిని దింపుతాం."

సైన్సు బండాయన తెల్లబోయాడు. "అరుపు ఆగాక దింపుతారా?"

"ఆగకుండా ఎట్టా దింపుతాం? అమ్మకి ఆకలి తీరొద్దూ?"

"ఎవరు దిగుతారు?"

"మా పాలేరు, ఇమ్మానియేలు."

పాతికేళ్ళ ఇమ్మానియేలు నవ్వుతూ లేచాడు. పక్కన భార్య రెబ్కా. ఆమెకి ఏడో నెల.

"నీకు తమ్ముడున్నాడా, బాబూ?" అడిగాడు సైన్సు బండాయన.

"ఉన్నాడండి. వీడే, సంజీవరావు."

"నాన్న?"

"అదుగో, తలుపు కాడ. మా నాయన పిచ్చయ్య."

ఆయన ముగ్గురి మొహాలూ నిదానంగా చూశాడు.

"ఒక్కడితో ఆగదు," అన్నాడు. "ముందు నువ్వు. నీ కోసం నీ తమ్ముడు. వాడి కోసం మీ నాన్న."

"వీడి నాలిక మీద మచ్చ ఉన్నట్టుంది, లేవండ్రా," అని పిచ్చయ్య గోనెపట్టా లాగేశాడు. ఎండ పడి తెర వెలిసిపోయింది. సైన్సంటే శాపనార్థాలా అని ఊరు విసుక్కుంది.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. తడి చేరకముందే జొన్నలు తీసేయాలని బాపయ్య పాతర మీది బండ తీయించాడు. నిరుడు సగం తీసి మూసిన పాతర. లోపల్నుంచి వెచ్చగా, పులిసిన వాసన వచ్చింది.

కోడిని వేశారు. రెండు అరుపులు అరిచింది. మూడోది సగంలో ఆగిపోయింది.

"అమ్మ తీసుకుంది," అని బాపయ్య దండం పెట్టాడు. "దిగరా."

రెబ్కా మొగుడి చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉందయ్యా. ఇయ్యాల వద్దు."

"ఆయనెవరో అన్నాడని నీకూ పట్టిందా? పోవే."

సైన్సు బండాయన రొప్పుతూ వచ్చాడు. "ఒక్క పూట తెరిచి ఉంచండి. లేదా నడుముకి మోకన్నా కట్టండి."

"నేనేమన్నా గేదెనా?" అని ఇమ్మానియేలు దూకేశాడు.

ఒక్క గంప కూడా పైకి అందించలేదు. పిలిస్తే పలకలేదు.

సంజీవరావు ఉరికాడు. సైన్సు బండాయన వాణ్ణి కింద పడేసి, మోకుతో బండి చక్రానికి కట్టేశాడు. ఆ బక్క మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. పిచ్చయ్య వస్తే పాతర నోటికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా బిడ్డ పిలుస్తున్నాడయ్యా," అన్నాడు పిచ్చయ్య.

నిజమే. అందరికీ వినిపించింది. లోపల్నుంచి సన్నగా, పేరు పెట్టి పిలిచినట్టు.

"వినొద్దు," అన్నాడాయన వణుకుతూ. "అది అట్టాగే పిలుస్తుంది. పాతాళ గరిగె తెప్పించండి."

పిచ్చయ్య ములుగర్రతో బాదాడు. నెత్తురు కారినా ఆయన కదల్లేదు.

బావిలో బొక్కెనలు తీసే పాతాళ గరిగె వచ్చి, దాని కొక్కాలతో పైకి లాగేసరికి ఇమ్మానియేలు చల్లబడిపోయాడు.

రెబ్కా సైన్సు బండాయన ముందు నిలబడింది. "నా మొగుడు పిలుస్తుంటే ఎవర్నీ పోనీలేదు నువ్వు. ఈ జన్మకి నిన్ను క్షమించను."

"క్షమించొద్దులే తల్లీ," అన్నాడాయన.

ఊరు రాళ్ళేసి ఆ బండిని తరిమింది.

రెండు నెలలకి రెబ్కా నరసరావుపేట ఆసుపత్రిలో ఆడపిల్లని కంది. నర్సు జయకుమారి సంగతంతా విని అడిగింది.

"ఎంతమంది దిగారు?"

"మా ఆయనొక్కడే. మిగతావాళ్ళని ఒకడు దిగనివ్వలా."

"ఆ మనిషికి దండం పెట్టుకో. పాతర చావుల్లో ఒక్క శవంతో బయటపడ్డ ఇంటిని నేను చూళ్ళేదు. దిగినవాడు దిగినట్టే స్పృహ తప్పుతాడు."

"మరి పిలిచిందెవరు?"

జయకుమారి చంటిపిల్లని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. రెబ్కా ఆ రాత్రంతా ఏడ్చింది. మర్నాడే మరిదితో అంది, ఆ సైన్సు బండాయన కాళ్ళ మీద పడాలని.

చంటిపిల్లనెత్తుకుని ఇద్దరూ గుంటూరులో సైన్సు బండి ఆఫీసుకి వెళ్ళారు.

"యలమందయ్య గారా? పోయిన నెల చనిపోయారండి, గుండెపోటు," అన్నాడు అటెండరు అల్లాబక్షు. "ఎవరూ లేరు ఆయనకి."

రెబ్కా గుమ్మంలోనే కూలబడింది.

"ఎవరమని మా కోసం అన్ని దెబ్బలు తిన్నాడు?" అన్నాడు సంజీవరావు.

అల్లాబక్షు చెప్పాడు.

"చిన్నప్పుడు నాన్నా, ఇద్దరన్నలూ ఒకే పూట పాతరలో పోతే, వాళ్ళ వెనకే దిగబోయిన ఈయన్ని వాళ్ళమ్మ గుంజకి కట్టేసిందట. లోపల్నుంచి వాళ్ళు పిలుస్తుంటే పోనీలేదని ఆ తల్లితో ఆమె చచ్చిపోయేదాకా మాట్లాడలేదమ్మా."