ఐదో పేరు

చిక్కడపల్లి క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక వ్యాన్ బుచ్చిబాబు కారు అద్దాన్ని రాసుకుంటూ పోయింది.

అద్దం పగల్లేదు. వంగింది, అంతే.

బుచ్చిబాబుకి ఆ మాత్రం చాలు. మూడు వారాలుగా లోపల ఉడికిపోతున్నాడు. భార్య బాలత్రిపురసుందరికి కేన్సర్ అన్నారు. ఒళ్ళంతా స్కాన్ తీస్తేగానీ ఆపరేషన్ సంగతి చెప్పలేమన్నారు. ఆ స్కాన్‌కి తేదీ దొరికేసరికి ఇరవై రోజులు. ఎవరి మీద అరవాలో తెలియని మనిషికి వ్యాన్ డ్రైవర్ దొరికాడు.

దిగి వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, వ్యాన్ తాళం లాగేసుకున్నాడు. మన ఊళ్ళో రోడ్డు మీది న్యాయం మొదలయ్యేది అక్కడే.

డ్రైవర్ గాభరాగా దిగాడు.

"తప్పు నాదే సార్. జర చాబీ ఇయ్యిండ్రి. దవాఖానకు సామాన్ తీస్కపోతున్న. టైమ్ దాటితే ఖరాబైతది."

"మేమూ ఆస్పత్రికే పోతున్నాం. మాకు లేదా టైమ్?"

నిజానికి బోలెడు టైమ్ ఉంది. పదింటి స్కాన్‌కి ఎనిమిదింటికే బయల్దేరాడు.

"కాళ్ళు మొక్కుత సార్."

"పోలీసు రావాలి. అప్పుడిస్తా."

వ్యాన్ వెనక పసుపు రంగు స్టిక్కర్ మీద మూడు రెక్కల బొమ్మ ఉంది.

"ఫ్యాన్‌ల కంపెనీ బండి లెక్కుంది. వీనికి గంత అర్జెంట్ ఏంది?" అన్నాడు చుట్టూ చేరినవాళ్ళలో ఒకడు. నలుగురూ నవ్వారు.

కారులోంచి సుందరి నీరసంగా పిలిచింది. "వదిలేయండీ, పాపం."

"నువ్వూరుకో. ఇలాంటివాళ్ళకి బుద్ధి చెప్పాల్సిందే."

నలభై నిమిషాలకి కానిస్టేబుల్ వచ్చాడు. "గీ మాత్రం దానికేంది సార్?" అని తాళం ఇప్పించాడు.

డ్రైవర్ తిట్టలేదు. కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

నారాయణగూడలో స్కాన్ సెంటర్ మేడ మీద ఉంది. హాల్లో ఐదుగురు పేషెంట్లు, అందరూ రాత్రి నుంచీ పస్తే. సుందరి పక్కన ఒకావిడ కూర్చుంది. పేరు అరుంధతి, ఉండేది దోమలగూడలో.

"రెండేండ్ల కింద ఆపరేషన్ అయింది అక్కా," అంది. "మల్ల గడ్డ తగుల్తున్నది. గీ స్కాన్‌ల ఏం తేలుతదో."

"భయంగా లేదా?"

"ఎందుకు లేదు? నెల సంది నిద్ర లేదు."

పదిన్నర అయింది. పిలుపు లేదు. బుచ్చిబాబు రెండుసార్లు కౌంటర్ మీద చేత్తో చరిచాడు. మూడోసారి లేవబోతుంటే లోపల్నుంచి టెక్నీషియన్ సంయుక్త కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏమనుకోకండి. ఇవాళ మందు ఆలస్యంగా వచ్చింది. ఐదుగురికి సరిపోవాల్సింది, నలుగురికే వస్తుంది."

"అదెలా? సీసాకి చిల్లు పడిందా?"

"లేదు సార్. ఇది రేడియేషన్ మందు. పొద్దున్నే వేరేచోట తయారవుతుంది. అప్పట్నుంచీ ఐసుగడ్డలా కరుగుతూనే ఉంటుంది. రెండు గంటలు తిరక్కుండానే సగం బలం పోతుంది. లిస్టులో ఆఖరివాళ్ళు మళ్ళీ రావాలి, పన్నెండు రోజుల తర్వాత."

ఆఖరి పేరు, ఐదోది, బాలత్రిపురసుందరి.

బుచ్చిబాబు లేచాడు. హాలు దద్దరిల్లింది. "మనుషుల ప్రాణాలంటే ఆటగా ఉందా మీకు? ఎవడు తెచ్చాడు మందు? పేరు చెప్పండి, వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తా!"

"ఎల్లేష్ అని, మా వ్యాన్ డ్రైవర్. పదేళ్ళలో ఒక్కరోజు కూడా లేట్ చెయ్యలేదు సార్. ఇవాళ చిక్కడపల్లిలో ఎవరో బండి తాళం లాక్కుని నలభై నిమిషాలు నిలబెట్టారట."

అప్పుడు చూశాడు బుచ్చిబాబు. సంయుక్త వెనక తలుపు మీద పసుపు రంగు స్టిక్కర్. మూడు రెక్కలు. కింద తెలుగులోనే రాసుంది, రేడియేషన్ జాగ్రత్త అని.

అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆ తాళం లాక్కుంది నేనే అని చెప్పాలి. చెప్పాలనే నోరు తెరిచాడు. భార్య తలవంచుకుని చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. నోరు మూసేసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి అరుంధతి ఫోన్ మోగింది. లేచి మూలకి పోయి మాట్లాడింది. మాట్లాడిందనేకంటే విన్నదనాలి. చివరికి "సరే తియ్యి" అని, కౌంటర్ దగ్గర ఏదో చెప్పి వచ్చింది.

"అక్కా, నా బదులు నువ్వు పో. నేను మల్లొస్త."

"అదేంటమ్మా? నీది మొదటి పేరు కదా?"

"ఏం గాదు. పన్నెండు దినాలే గదా." సంచీలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి, చింపి, ఒకటి నోట్లో వేసుకుంది. ఇక ఆమెకి ఇవాళ స్కాన్ లేనట్టే. "పొద్దుగాల్నించి ఒకటే ఆకలి," అని నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సుందరిని లోపలికి పిలిచారు. గండం గడిచిందనుకున్నాడు బుచ్చిబాబు.

సంయుక్త మళ్ళీ బయటికొచ్చింది. "ఇంజెక్షన్ అయిపోయింది సార్. గంటసేపు కదలకుండా పడుకోవాలి."

"ఇందాక వెళ్ళిపోయిందే, ఆవిడ ఎందుకు మానుకుంది?"

"ఎల్లేష్ ఫోన్ చేశాడు సార్. లేట్ చేసింది నేనే, వేరేవాళ్ళెందుకు పస్తుతో వాపస్ పోవాలె అన్నాడట."

"అతను చెబితే ఆవిడెందుకు వినాలి?"

"ఆవిడ ఎల్లేష్ భార్య సార్."