గొంగడి కింద సీసా

బిడ్డా సుమా, నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. సర్దుకొని చదువు.

నువ్విచ్చిన సీసాలో పత్తిచేని గుంట నీళ్లు పోశాను. వెలుగు పుట్టించే ఎంజైమును మీ ల్యాబులో అమర్చిన సూక్ష్మజీవి అందులో ఉందని, పురుగుమందు కలిసిన నీళ్లు పోసి ఊపితే వెలుగుతుందని చెప్పావు కదా. ఊపినప్పుడల్లా నిజంగానే వెలిగింది.

అంతే, నాకు కోతి బుద్ధి పుట్టింది. కొడకండ్లలో తెలంగాణ కోసం మేం వంతులవారీగా కూర్చుంటున్న నిరాహార దీక్ష శిబిరానికి దాన్ని పట్టుకుపోయాను.

"దీక్షల కూసొని దొంగతనంగ తిన్నోడు పట్టుకుంటే గిది వెలుగుతది. ఒక్కొక్కరు గొంగడి కప్పుకొని పట్టుకోండ్రి" అన్నాను.

అందరూ పట్టుకున్నారు, వెలగలేదు. ఆ రోజు నాతోపాటు దీక్షలో ఉన్న సంజీవ మాత్రం వెనక్కి జరిగాడు.

"నాకొద్దు కాకా! పొద్దుగాల రెండు మిర్చీలు తిన్న."

శిబిరమంతా ఒకటే నవ్వు.

"నవ్వుడు కాదు, జర నువ్వు గూడ పట్టు" అని వాడు నాతోపాటు గొంగట్లో దూరాడు.

సీసా వెలిగింది.

నేను ఊపలేదమ్మా, చెయ్యి వణికింది. ఎవరూ నమ్మడం లేదు. మంగళవారం మళ్లీ నా వంతు, నన్ను కూర్చోనివ్వరట. చెయ్యి వణికినా వెలుగుతుందని తొందరగా ఒక కార్డు రాయి, సంజీవకు చూపిస్తాను.

ఆ పొద్దున నేను నమిలిన పల్లీల మాట మాత్రం అందులో రాయకు.