బొంబాయి కవరు

బొంబాయి నుంచి వచ్చిన కవరు చదవగానే లింగమూర్తి సారు చేసిన మొదటి పని, నలుగురు కూలీలను పిలిపించి గుమ్మం బయటే నిలబెట్టడం. రెండో పని, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకోవడం.

"ఆడనే ఉండుండ్రి. లోపలికి రావద్దు."

నలుగురూ ఎండలో నిలబడ్డారు. అరవై తొమ్మిదో సంవత్సరం. జూన్ వచ్చినా రామగుండంలో వాన జాడ లేదు.

అక్కడ కొత్తగా కడుతున్న కరెంటు కార్ఖానాలో బాయిలరు పైపుల అతుకులు పరీక్షించే కాంట్రాక్టు ఓ బయటి కంపెనీది. అతుకు లోపల పగులుంటే పైకి కనపడదు. ఫొటో తియ్యాలి. ఆ ఫొటోలు తీసేది అణు పెట్టె. సీసం గోడల మధ్య వేలెడంత కూడా లేని లోహపు ముక్క, రాత్రనక పగలనక కంటికి కనపడని కిరణాలు కక్కుతూ ఉంటుంది. మిగతా పనివాళ్ళు అన్నానికి పోయిన గంటలో ఈ నలుగురూ పెట్టెను మోసుకుపోయి, చుట్టూ తాడు కట్టి, దూరంగా నిలబడి ఫొటోలు తీసేవారు. తర్వాత పెట్టెను తిరిగి తెచ్చి అప్పజెప్పేవారు. తక్కిన పొద్దంతా ఫిలిం కడగడం, పైపులకు నంబర్లు వెయ్యడం.

నలుగురూ అంతకుముందు గోదావరిఖని బాయిల్లో, అంటే గనుల్లో, బొగ్గు ఎత్తినవాళ్ళే. వాళ్ళలో పెద్దవాడు రాయమల్లు. ఆర్నెల్లు మచ్చ లేకుండా చేస్తే పర్మనెంటు చేస్తామని కంపెనీ మాటిచ్చింది. అయిదు నెలలు గడిచాయి. ఇంట్లో భార్య సారవ్వకు ఏడో నెల.

లింగమూర్తి సారు భద్రతాధికారి. పెళ్ళయి మూడు నెలలు. భద్రత అంటే ఆయనకు ప్రాణం, ముఖ్యంగా తన ఉద్యోగ భద్రత. పెట్టెను దూరంగా గుంతలో దాచాలని కంపెనీ కాగితాల్లో ఉంది. గుంత తవ్వించాడు కూడా. కానీ సీసానికి బజార్లో మంచి గిరాకీ. దొంగలెత్తుకుపోతే ఎవరిది జవాబు? అందుకని పెట్టె సారు గదిలోనే, ఆయన కుర్చీ వెనక గోడవారన, తాళాల బోర్డు కింద కొలువుండేది. మూత గడియ అరిగింది, సరిగ్గా పడడం లేదని రాయమల్లు ఒకసారి చెప్పబోయాడు.

"సీసం సంగతి నాకే చెప్తవా?" అన్నాడు సారు.

గడియలు, తాళాలు చూసుకోవడం ఆయన స్థాయి పని కాదు. సైటుకు పోవడం అంతకన్నా కాదు. ఏప్రిల్ నెలంతా ఆయన ఫ్యాను కింది నుంచి కదిలిన పాపాన పోలేదు.

ఏప్రిల్ మొదటి రోజున మాత్రం తలా ఒక బిళ్ళ పంచాడు. అగ్గిపెట్టెలో సగముంటుంది. లోపల ఫిలిం ముక్క. నెల కాగానే బొంబాయికి పంపితే, ఎన్ని కిరణాలు తగిలాయో అక్కడ చూసి రాస్తారు. తనకు మాత్రం తెప్పించుకోలేదు. కూలీల బిళ్ళ చొక్కాకు పెట్టుకుంటే ఆఫీసరు మర్యాద ఏం కాను?

"ఇది పోయిందంటే నౌకరి పోయినట్టే. పైలం," అన్నాడు ఆరోజు.

"బాయిల బిళ్ళ లెక్కనే గద సారు?" అని రాయమల్లు అడిగాడు.

సారు అప్పటికే పేపరు విప్పాడు. "ఆఁ, గంతే."

ఇప్పుడు ఆ ఏప్రిల్ బిళ్ళల లెక్కే వచ్చింది.

"నాలుగింటికి నాలుగు," అన్నాడు సారు రుమాలు చాటు నుంచి. "పదేండ్లల్ల తగలాల్సింది ఒక్క నెలల తగిలింది. పెట్టె మీద కూసొని బీడీలు తాగిండ్రా?"

"లేదు సారు. తాడు దాటి ఒక్క అడుగు ఎయ్యలే."

"మరి బిళ్ళ అబద్ధం చెప్తదా?"

సారు వరసపెట్టి చెప్పుకుపోయాడు. రక్తం పాడవుతుంది. జుట్టు రాలుతుంది. పిల్లలు పుట్టరు, పుట్టినా సక్రమంగా పుట్టరు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతులో హుషారు పెరిగింది.

రాయమల్లు గుమ్మం దగ్గరికి ఒక అడుగు వేశాడు. "ఇంట్ల ఆమెకు ఏడో నెల సారు. ఆమెకు గిట్ల అంటుకుంటదా?"

"ఎవరికి ఎరుక?" సారు రుమాలు ఇంకాస్త పైకి జరుపుకున్నాడు. "రేపటి సంది పనికి రావద్దు. పర్మనెంటు ముచ్చట మర్చిపోండ్రి. హైదరాబాదు దవాఖానకు పొయ్యి రక్తం చూపిచ్చుకోండ్రి. మీ నిర్లక్ష్యం వల్లనే గిట్లయిందని ఈ కాగితం మీద సంతకాలు పెట్టుండ్రి."

కాగితం ముందే టైపు చేయించి ఉంచాడు. దాన్ని గుమ్మం వైపు బల్ల చివరికి తోశాడు.

రాయమల్లు కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్క మాట సారు. మాకు తగిలిందని ఆ బిళ్ళకు ఎట్ల తెల్సింది?"

"చదువు లేనోళ్ళతోని ఇదే తిప్పలు. బిళ్ళ ఏ జాగల ఉంటే ఆ జాగల పడ్డ కిరణాలు అండ్ల అచ్చు పడతయి."

"జాగ లెక్కనా సారు? మనిషి లెక్క కాదా?"

"జాగ లెక్కనే. జల్ది పెట్టు సంతకం." సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

రాయమల్లు పెన్ను ముట్టుకోలేదు. మిగతా ముగ్గురి వైపు చూశాడు. వాళ్ళూ నోళ్ళు తెరుచుకుని అతన్నే చూస్తున్నారు. అతనికి ప్రాణం లేచివచ్చింది. సారవ్వకు భయం లేదు, కడుపులో బిడ్డకు భయం లేదు. ఆ వెంటనే సారు మీద నిజంగానే జాలేసింది.

"మీరు జర ఆ కుర్చీల నుంచి లేవుండ్రి సారు," అన్నాడు మెల్లగా.

"ఎందుకు?"

"బాయిల దిగేటోడు బిళ్ళను పైన బోర్డుకు తగిలిచ్చి దిగుతడు, పైకి వచ్చినంక తీస్కపోతడు, మేం గూడ గట్లనే ఆ నెలంత డ్యూటీ ఎక్కంగనే మా బిళ్ళలు మీ కుర్చీ ఎనుక తాళాల బోర్డుకు తగిలిచ్చి పోయినం సారు."