నాలుగో తాళంచెవి

"ఈ కీ కూడా పనిచేయలేదు సార్. సర్వర్ గుమ్మంలోంచే గెంటేస్తోంది," అంది ఫోన్‌లో మిహ్రెత్.

జెరిహున్ పకపకా నవ్వాడు. అడిస్ అబాబాలోని బస్సు కంపెనీ ప్రధాన కార్యాలయంలో సర్వర్‌కి సర్వాధికారి ఆయనే. పాస్‌వర్డ్‌లు తీసేసి, ఎవరి కీ ఫైలు వాళ్లకిచ్చే పద్ధతి పెట్టిందీ ఆయనే. ఈ ఏడు నుంచి కొత్తవాళ్ల కీలకు గడువు తేదీ రాస్తున్నదీ ఆయనే. జిమ్మా శాఖలో కొత్తగా చేరిన ఈ పిల్ల మూడు రోజులుగా లాగిన్ కాలేక చస్తోంది.

"పాతవాళ్లంతా సుబ్బరంగా లోపలికొస్తున్నారు. నీకే ఏం రోగం? కాఫీ గింజలు వలవడం తప్ప మీ జిమ్మా వాళ్లకి ఇంకేం వచ్చు?"

"సర్వర్ లాగ్‌లో కారణం రాసుంటుంది. ఒక్కసారి చూడండి సార్."

"ఓహో! గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నాకే నేర్పుతావా?"

లాగ్ అట, లాగ్! కొత్త సంవత్సరం వచ్చాక ఇంటికి పంపిన ముగ్గురూ అచ్చం ఇలాగే ఏడ్చారు. అందరూ మొద్దులే.

"ఉద్యోగం తీసేయకండి సార్. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

"ఆ బుద్ధి ముందుండాలి," అని ఫోన్ పెట్టేశాడు.

తొలగింపు ఉత్తరం టైపు చేశాడు. యెకాతిత్ 20, 2018 అని తేదీ వేసి, డైరెక్టర్ యెషిమెబెత్ ముందు పెట్టాడు.

ఆవిడ సంతకం పెట్టలేదు. "ఇంతకీ లాగ్ చూశావా?"

"మీరూ భలేవారే మేడమ్! ఆ మొద్దు కూడా ఇదే పాట పాడింది..."

"చూడు."

ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి వెనకే నిలబడింది. ఆయన విసుక్కుంటూ తెరిచాడు. మిహ్రెత్ పేరు పక్కన ఒకటే మాట: గడువు తీరిన కీ. వెనక్కి వెళ్తే ఆ ముగ్గురి పేర్ల పక్కనా అదే.

"గడువు ఎంత రాశావు?"

"అందరికీ 2018 చివరిదాకా. ఇంకా ఆరు నెలలుంది కదా మేడమ్! సర్వర్‌కి మతిపోయింది."

ఆవిడ ఉత్తరాన్ని నిలువునా చింపి ఆయన చేతిలోనే పెట్టింది.

"మన క్యాలెండర్‌లో 2018 గానీ, పరదేశీల లెక్కన నడిచే ఆ సర్వర్‌కి ఇది 2026 నాయనా, నలుగురికీ నువ్వు ఏడేళ్ల కిందటే చచ్చిన కీలిచ్చావు."