పేరు రాయని స్లైడు

"బయ్యన్న పేరు గూడా రాయప్పా," అన్నాడు గేటు దగ్గర టికెట్లు చించే పుల్లన్న.

జిలాన్ బాషా మసి పట్టించిన గాజుపలక మీద సూదితో అక్షరాలు గీకుతున్నాడు. రాయదుర్గం పక్కన వేసిన డేరా సినిమాకు ఆపరేటరు అతనే. రీలు మార్చేటప్పుడు వేసే స్లైడ్లు రాసేదీ అతనే.

"పేరెందుకు? మా షావలన్నను బావిలోకి తోసినోనికి తెలీదా?"

"తోసింది బయ్యన్నేనని కోర్టులో నేనే సాక్ష్యం చెప్పినా. వాళ్లు నమ్మక వదిలేసిరి. నువ్వన్నా నమ్మినావా లేదా?"

"నమ్మబట్టే గదా ఈ స్లైడు. పో, నీ గేటు చూసుకో."

తెర మీద హంతకుణ్ణి తరుముతున్న ఇన్‌స్పెక్టరు మాయమయ్యాడు. రీలు అయిపోయింది. స్లైడు పడింది.

'షావలిని చంపినోడు ఈ డేరాలోనే ఉన్నాడు. ఆట వదిలినాక గేటు కాడ పోలీసులు పట్టుకుంటారు.'

జనమంతా కుర్చీలో కూర్చున్న బయ్యన్న వైపు తిరిగారు. అతను చెనిక్కాయలు ఒలవడం ఆపి, తెర మీది అక్షరాలు నిదానంగా చదువుకున్నాడు.

"పట్టుకోనీప్పా. ఇన్నాళ్లకన్నా నా మీద మాట పోతాది."

జిలాన్ బాషా పళ్లు కొరికాడు.

"పుల్లన్నా, పెట్రోమాక్సు ఇట్ల తే. వీని మొగం అందరూ చూడాల."

గేటు దగ్గర పుల్లన్న లేడు, టికెట్ల డబ్బా ఒక్కటే ఉంది. పక్కన డేరా గుడ్డ ఇంకా ఊగుతోంది.

ఆఖరి రీలు కోసం జనం ఈలలు వేస్తున్నారు. జిలాన్ బాషా కరెంటు ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు చేతికి తీసుకుని, బయ్యన్న పక్కనుంచే, అతని వైపు చూడకుండా, ఊగే గుడ్డ సందులోంచి బయటికి నడిచాడు.