బక్క మొక్కలు

"ఎవరు పీకారు వీటిని?"

వినయ్ కేకకు గ్రీన్‌హౌస్‌లో ఆడవాళ్ళంతా పని ఆపేశారు. మహదేవపుర దాటాక ఉన్న ఆ మొక్కజొన్న విత్తనాల కంపెనీలో అతను కొత్త వంగడాలు తయారుచేసే బ్రీడర్. సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఏముంది, మూడువందల కప్పుల్లో మొక్కలున్నవి నలభై!

"నేనే సారూ," అంటూ సుంకమ్మ ముందుకొచ్చింది. ఆమె పనిలో చేరి వారమే అయింది. ముఖంలో భయం లేదు సరికదా, కాస్త గర్వం కూడా ఉంది. "నిన్న సెలవైనా వచ్చి బక్కవన్నీ పీకేసినా. మా ఆదోని కాడ అట్లే చేస్తాం. బలమైనవి ఉంచితేనే కదా పంట."

వినయ్ తల పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదా సుంకమ్మా! నాకు కావాల్సింది ఆ బక్కవే. పీకెయ్యాల్సింది బలంగా ఉన్నవాటిని!"

ఆమె బిత్తరపోయి చూసింది. నేల నమ్ముకున్న మనిషికి ఈ లెక్క ఎట్లా ఎక్కుతుంది, పాపం!

"మామూలు మొక్కలో తల్లి సగం, తండ్రి సగం. ఆ బక్కవాటిలో తల్లి సగమే ఉంటుంది. అందుకే బక్కగా ఉంటాయి. నాటే ముందు మందులో నానబెట్టాం, దాంతో ఆ సగమే రెండింతలవుతుంది. డబుల్డ్ హాప్లాయిడ్ అంటారు. ఆరేడు పంటలు పట్టే అచ్చమైన వంగడం రెండు పంటల్లో చేతికొస్తుంది. రేపు డైరెక్టర్ చూడ్డానికొస్తున్నాడు. ఇంక నా జాబ్ పోయినట్టే!"

సుంకమ్మ ఏం చెయ్యాలో తోచక వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. వినయ్ ఆ కోపంలోనే గడగడా తాగేశాడు. టీ చిక్కగా ఉంది. తాగాక అతని బుర్ర కాస్త పనిచేసింది.

"పీకినవి ఎక్కడేశావు? వేళ్ళు ఎండకపోతే మళ్ళీ నాటుదాం."

"లేవు సారూ. లేత మొక్కలు, పారేయబుద్ధి కాక షెడ్డు వెనక కట్టేసిన మా మేకకేసినా." ఆమె షెడ్డు వైపు చూసింది. "అది కూడా పొద్దున పాలిచ్చినంక పడిపోయింది. లేస్తా లేదు."

వినయ్ ఉద్యోగం సంగతే మరిచిపోయాడు. "గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం కదా!"

"నాకు చదువు రాదు సారూ."

"ఆ మందు పచ్చి విషం సుంకమ్మా! దానికి విరుగుడు కూడా లేదు. మేక పాలల్లోకీ దిగుతుంది. ఆ పాలు మీ పిల్లలు తాగారా? చెప్పు!"

"లేదు సారూ. పిల్లోళ్ళకు పోయలే."

"అమ్మయ్య!" అని వినయ్ టీ కప్పు కింద పెట్టాడు.

సుంకమ్మ ఆ ఖాళీ కప్పునే చూస్తూ నిలబడింది.

"ఈ పొద్దు పాల ప్యాకెట్లు రాలే సారూ..."