ధర్మవరంలో ఉన్న అంచు

చౌడమ్మ అలసందలు ఒలుస్తూ మధ్యమధ్య గోడమీది తెరను వేలితో తడుతోంది. గీసేవాళ్ల చెయ్యి ఆగినప్పుడు ఎవరూ తట్టకపోతే ధర్మవరంలోని యంత్రం లైను తెంపేస్తుంది. ఇప్పుడు ఇళ్లలో ఉండేవి తెరలే; కంప్యూటర్లన్నీ అక్కడే. పరాయివాళ్లు తొంగిచూడలేని ఆ లైనులోనే కోడలు హేమావతి చీర అంచు గీస్తోంది.

వాన ముదిరి తెర నల్లబడింది.

"రేపు గీసుకోమ్మే."

"పొద్దుగూకేలోగా ముగించకుంటే నేతసంగమోళ్లు కొత్త మగ్గం ఇంగొకరికి ఇస్తారత్తా."

"నా వేలు అరిగినా ఇది పలకదు. నీ అంచు ఆడ బద్రంగానే ఉంటాదిలే."

"ఆన్నే కూసోని గీస్తానంటే?"

"యంత్రం కాడికి మనిషి పోవడమేంది? ఎప్పుడన్నా ఎవరన్నా పోయినారా?"

హేమావతి గోనెసంచి నెత్తిన కప్పుకుని, ధర్మవరం బస్సు కోసం వానలోకి నడిచింది.